నవ్వుకో గోలి

“మా నాయిన నవ్వుతుండు సిస్టర్” అన్నాడు ఉదయ్ కిరణ్, ఇంట్లో దొంగ దూరాడని ఠాణాలో చెప్పుకునేవాడి గొంతుతో.

సోమవారం పొద్దున. గద్వాల దవాఖానలో ‘మానసిక ఆరోగ్య విభాగం’ అని బోర్డున్న గది ముందు బెంచీ నిండిపోయి, మిగిలినవాళ్లు గోడకు చేరగిలబడి ఉన్నారు. ఆ గది హుమేరాది. మనసు జబ్బుల నర్సింగులో పెద్ద చదువు బెంగళూరులో చదివి వచ్చింది. డాక్టర్ మధు వారానికో రోజు వస్తాడు. మిగిలిన రోజుల్లో వచ్చినవాళ్లను చూడటం, మందు కుదిరిందో లేదో తేల్చడం, డాక్టరుకు ఫోన్ చేసి మోతాదు మార్చడం, ఊళ్లకు పోయి అరుగుల మీద కూర్చుని మాట్లాడటం, అన్నీ ఆమె పనులే. అయినా కొత్తగా వచ్చినవాళ్లు “సారు లేడా? సిస్టరే ఉన్నదా?” అని ముఖం వేలాడేస్తారు. పాతవాళ్లు వాళ్లను మోచేత్తో పొడిచి కూర్చోబెడతారు.

“నవ్వితే ఏమైతది తమ్మీ?” అంది హుమేరా.

“ఒక్కడే నవ్వుతుండు. తెల్లారంగనే చేన్లకు పోతుండు, ఒక్కడే ముచ్చట వెడుతుండు, ఒక్కడే పడి పడి నవ్వుతుండు. ఆ ఏడు గూడ గిట్లనే షురువైంది.”

ఆ ఏడు సంగతి హుమేరాకు తెలియనిది కాదు. రాత్రుళ్లు నిద్ర మానేసిన ఉదయ్ తండ్రి మల్లయ్య, బీచుపల్లి వంతెన మొదట్లో హైవే మీద నిలబడి లారీలన్నీ ఆపి, ఒక్కొక్క డ్రైవరుకూ దండం పెట్టి, “జర చాయ్ తాగి పో నాయినా, గంత తొందరేంది?” అన్నాడు. హారన్ల మోత నది అవతలి ఒడ్డుకు వినిపించింది. మానవపాడు టీ కొట్లలో ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. అది జరిగి రెండేళ్లు దాటింది. అప్పటినుంచి మల్లయ్య రోజూ గోలి మింగుతున్నాడు, ఒక్క లారీనీ ఆపలేదు.

“మీ నాయిన ఏడి?”

“వస్తుండు. అమ్మ పట్కొని వస్తున్నది.”

హుమేరా గుమ్మం దాకా వచ్చి నిలబడింది. మనిషి వరండాలో నడిచి వస్తుంటే చూడటం ఆమెకు అలవాటు. కుర్చీలో కూర్చున్నాక మనుషులు సర్దుకుంటారు, నడకలో సర్దుకోలేరు. మల్లయ్య చిన్న చిన్న అడుగులు వేస్తూ, నేల జారుతుందేమోనన్నట్టు వచ్చాడు. నడిచే మనిషికి చేతులు ఊగాలి. ఆయన చేతులు పక్కటెముకలకు కుట్టేసినట్టున్నాయి. పెదవి చివర ఊరిన చొంగను తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఆ తుడుచుకునే చెయ్యి వణికింది. గడప దగ్గర కాలు ఎత్తలేక తట్టుకుంటే పెళ్లాం కాంతమ్మ భుజం పట్టి లోపలికి తెచ్చింది.

హుమేరా ఆయన ముఖం చూసింది. గోడకు కొట్టిన సున్నంలా ఉంది. రెప్పలు కూడా గుర్తొచ్చినప్పుడే పడుతున్నాయి. నవ్వుతున్నాడని తెచ్చిన మనిషి ముఖంలో నవ్వడానికి చోటే లేదు.

“ఆదివారం పిల్ల తరపోళ్లు వస్తుండ్రు, ఇల్లు చూసుకోను” అని ఉదయ్ కిరణ్ గొంతు తగ్గించాడు. “వనపర్తి దిక్కు. మంచి సంబంధం. పిల్ల నాకు నచ్చింది, నేను పిల్లకు నచ్చిన. ఆ దినం నాయిన వాళ్ల ముందల గిట్ల నవ్విండనుకోండ్రి, ఖతం. ఆదివారం దాక ఈడ్నే పండబెట్టుండ్రి సిస్టర్. ఓ సూది ఇయ్యుండ్రి.”

“కొడుకు సంబంధం ఖాయమయ్యే దినం తండ్రి ఏడని అడిగితే?”

“బొంబాయి పనికి పోయిండని చెప్తం.”

ఆ మాట మల్లయ్య విన్నాడు.  తువ్వాలు మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు.  నేరం చేసినవాడినైనా ఏం చేశావని అడుగుతారు, ఈయన్ని అదీ అడిగేవాళ్లు లేరు.

“కాకా, ఎందుకు నవ్వొస్తున్నది?” అని అడిగింది, ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంటూ.

మల్లయ్య పెళ్లాన్ని చూశాడు, కొడుకును చూశాడు. “ఉత్తగనే అమ్మా” అన్నాడు. మాట నాలుక మీద నుంచి బరువుగా దిగింది.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని మోచేతి దగ్గర మెల్లగా వంచి చాపింది. చెయ్యి పళ్ల చక్రం తిరిగినట్టు ఆగి ఆగి వంగింది. రెండో చెయ్యీ అంతే. నిద్ర ఎలా ఉందంటే కాంతమ్మే జవాబిచ్చింది, “పొద్దుగూకంగనే ఒరుగుతుండు. పగటేల గూడ తూగుతుండు.” అన్నం? మింగడం ఆలస్యమవుతోంది. పని?

“ఏం పని సిస్టర్! విత్తనాల పత్తి క్రాసింగ్ నడుస్తున్నది. సాయంత్రం మొగ్గలు గిల్లుడు, పొద్దుగాల మగ పువ్వు అద్దుడు. ఎంత సున్నితం పని! నాయిన చేతులు వణికి మొగ్గలన్నీ ఇరుస్తుండు” అన్నాడు ఉదయ్.

“తమ్మీ, నీ పుణ్యముంటది, అందరికీ చాయ్ చెప్పి రాపో” అంది హుమేరా.

అతను వెళ్లాక ఆమె కుర్చీ కాంతమ్మ దగ్గరికి లాక్కుంది. “చిన్నమ్మా, గోలీలు ఇంక ఎన్నున్నయి ఇంట్ల?”

“అయిపోయినయి సిస్టరమ్మా.”

“అప్పుడే?”

కాంతమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. కళ్లల్లో నీళ్లు నిండాయి. “నేనే ఏసిన. అంబలిల నూరి కలిపిన. ఆయనకు తెల్వదు.”

“ఎన్ని?”

“నవ్వుకొకటి.”

“నవ్వుకా?” అంది హుమేరా.

“పొద్దుగాల నవ్వితే పొద్దుగాల ఒకటి, పగటేల నవ్వితే పగటేల ఒకటి” అంటూ కాంతమ్మ ఏడ్చేసింది. “నవ్వు ఇనవడంగనే నా గుండె జల్లుమంటది బిడ్డా. మల్ల ఆ వంతెన కాడికే పోతడేమో, ఏ లారీ కిందనన్న పడ్తడేమో అని. సంపుకుందునా? బతికించుకుందామనే ఏసిన.”

పక్కనే ఉన్న మల్లయ్య ఇదంతా విన్నాడు. బిగుసుకున్న నోటితో, “గదా సంగతి! అంబలి చేదెందుకైందా అనుకుంటున్న” అన్నాడు.

కోప్పడాలంటే హుమేరాకు కోపం రాలేదు. పెళ్లాం భయం నిజం, మొగుడి బిగుసుకుపోవడం నిజం. కాంతమ్మ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. “నీ తప్పు గాదు చిన్నమ్మా. నవ్వంటే ఎప్పుడు భయపడాలె, ఎప్పుడు పడొద్దు, నేనే నీకు సక్కగ చెప్పలే. ఇగ చెప్పిన దానికంటె ఒక్క గోలి ఎక్కువ ఏసినా కాకా గిట్లనే కట్టెలెక్క అయితడు.”

డాక్టర్ మధుకు ఫోన్ చేసింది. మందు ఎక్కువై ఒళ్లు బిగుసుకుందని, పాత జబ్బు తిరగబెట్టిన గుర్తులు తనకు కనిపించలేదని, చూసినవన్నీ, కొడుకు అడిగిందీ వరసగా చెప్పింది. ఎక్కువ వేసినవి ఆపి, బిగుపు తగ్గే మాత్ర నాలుగు రోజులిద్దామంటే ఆయన ఒప్పుకున్నాడు.

“మరి ఒక్కడే మాట్లాడుకుని నవ్వడం?” అన్నాడు. “అది మొదలు కావచ్చు హుమేరా. ఇంట్లోవాళ్లు కూడా అడుగుతున్నారు, వారం రోజులు చేర్చుకుందామా?”

“నవ్వుతుంటే నేను చూడలే సార్. నాకు గురువారం దాక టైమియ్యండ్రి. ఊరికి పోయి చూసొస్త.”

“నీ అంచనా తప్పైతే?”

“తప్పైతే అదే ఆటోల నేనే తోల్కొస్త.”

 “సరే. నువ్వు చూసి ఏం చెప్తే అదే” అన్నాడాయన. హుమేరా ఫోన్ పెట్టేసింది. అంత నమ్మకం ఒక్కోసారి తిట్టుకంటే బరువుగా ఉంటుంది. తన అంచనా తప్పితే ఆదివారం ఒక పిల్లవాడి పెళ్లి చెడుతుంది, ఒక మనిషి మళ్లీ వంతెన ఎక్కుతాడు. తప్పకపోతే మాత్రం, కొడుకు సంబరం రోజున తండ్రి ఇంట్లో ఉంటాడు.

గురువారం తెల్లవారుతుండగానే హుమేరా గద్వాలలో బస్సెక్కింది. బయల్దేరేముందు తల్లి ఖుర్షీద్ బేగం కూతురి సంచిలో రొట్టె, ఖీమా డబ్బా కుక్కుతూ, “అందరూ దవాఖానకు పోతరు, మా బేటీ మాత్రం చేన్లకు పోతది” అని గొణిగింది. మానవపాడు స్టాండులో ఉదయ్ కిరణ్ ఆటోతో కాచుకుని ఉన్నాడు. కళ్ల కింద నల్లగా ఉంది.

“ఎట్లుండు?”

“చేతులు అల్కగైనయి. చొంగ బందైంది” అని ఆగాడు. “మల్ల నవ్వుడు షురువైంది. ఇప్పుడు గూడ చేన్లనే ఉన్నడు.”

ఆటోను బాటకు దూరంగానే ఆపమంది హుమేరా. కాంతమ్మ గట్టు మీద ఎదురుచూస్తోంది. ముగ్గురూ దొంగల్లా వంగి నడిచారు. పత్తి భుజాల ఎత్తు పెరిగింది, ఆకుల మీద మంచు ఆరలేదు. ఆడ చెట్ల సాళ్లలో నిన్న సాయంత్రం గిల్లిన మొగ్గలకు గుర్తుగా కట్టిన దారాలు ఎర్రగా మెరుస్తున్నాయి. మగ చెట్లు ఒక వారగా వేరే ఉన్నాయి. వాటిలో పువ్వులు విప్పారకముందే కోసి బుట్టలో వేసుకోవాలి, ఎండెక్కాక వాటి పుప్పొడిని ఆడ పువ్వులకు అద్దాలి. అందుకే ఈ పని చేసే ఎవరైనా తెల్లారకుండానే చేలో ఉంటారు. ‘తెల్లారంగనే పోతుండు’ అన్న ఫిర్యాదును హుమేరా అక్కడికక్కడే మనసులో కొట్టేసింది.

మగ సాలు చివర మల్లయ్య ఉన్నాడు. పువ్వులు తుంచుతున్న వేళ్లు పొందిగ్గా కదులుతున్నాయి. బుట్ట నిండింది. దాన్ని కింద పెట్టి, తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని, అంగీ గుండీలు సరిచేసుకుని, చేను మధ్యకు నడిచాడు. అక్కడొక దిష్టిబొమ్మ ఉంది. కుండ తలకాయ, సున్నపు బొట్లు, ఒంటి మీద ఎర్ర గళ్ల పాత అంగీ.

మల్లయ్య దానికి రెండు చేతులూ జోడించాడు.

“రాండ్రి బావా, రాండ్రి. ఎండల పడి వచ్చిండ్రు. కూసోండ్రి” అన్నాడు, గుడి పూజారంత గంభీరంగా. తర్వాత దిష్టిబొమ్మ వెనక్కి పోయి, గొంతు బొంగురు చేసి, “మీ ఇంట్ల అంత మంచిదేనా బావా?” అన్నాడు. మళ్లీ ముందుకొచ్చి తన చోట నిలబడి, కనుబొమ్మలు ముడేసి, “అంత మంచిదే బావా. దేవుని దయ” అని జవాబిచ్చాడు.

ముఖం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. దవడలు బిగించాడు. సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో కాకి వచ్చి ఆ వియ్యంకుడి నెత్తిన వాలి, అటూ ఇటూ చూసి, రెట్ట వేసింది.

మల్లయ్య తువ్వాలు చెంగు నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు ఎగిరిపడ్డాయి. ఆపలేకపోయాడు. పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా, మొక్కల మధ్య కూలబడి నవ్వాడు. “థూ మల్లిగా! మల్ల నవ్వినవ్! ఆదివారం గిట్ల నవ్వితే పోరని లగ్గం గంగల కలుస్తది. లెవ్వు, మల్ల మొదటికెళ్లి!” అని తన చెంప తనే తట్టుకుని లేచాడు. కాకిని తోలాడు. మళ్లీ దండం పెట్టాడు. “రాండ్రి బావా, రాండ్రి...”

హుమేరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. ఆమె నవ్వు చేలో చప్పుడైంది.

మల్లయ్య ఉలిక్కిపడి తిరిగాడు. ముగ్గుర్నీ చూసి జోడించిన చేతులు జోడించినట్టే ఉంచేశాడు. “గోలి ఎయ్యకుండ్రి” అన్నాడు ముందుగా.

“ఏంది నాయినా ఇది?” అన్నాడు ఉదయ్. 

“ఏముంది బిడ్డా. నేను నవ్వితే మీకు బుగులు. ఆదివారం నవ్వొద్దు, పెద్దమనిషి లెక్క ఉండాలె అని నేర్చుకుంటున్న. నేర్చుకుంటుంటే నవ్వొస్తున్నది. ఏం జెయ్యాలె చెప్పు?”

కొడుకు గట్టు మీద కూలబడ్డాడు. తన కోసమే తండ్రి రోజూ కుండ తలకాయకు దండాలు పెడుతున్నాడని, దానికి అమ్మ అంబలిలో మందు కలిపిందని, తను సూది వేయమన్నానని తెలిసొచ్చి ఆ పిల్లవాడికి తల ఎత్తబుద్ధి కాలేదు.

నవ్వినంత మాత్రాన హుమేరా పని మానేయలేదు. మల్లయ్యను గట్టు మీద కూర్చోబెట్టి, కళ్లల్లోకి చూస్తూ ఒక్కొక్కటే అడిగింది. రాత్రి నిద్ర? గురక పెట్టి పడుకుంటున్నాడని కాంతమ్మ. ఒంట్లో పట్టరాని హుషారు, తనను మించినవాడు లేడన్న ఊహ? “గా కుండగాని ముందలనే ఓడిపోతున్న, ఇంకేం హుషారు?” అన్నాడు మల్లయ్య. మాట ఒకదాని మీద ఒకటి ఎక్కడం లేదు. అడిగిన దానికే జవాబిస్తున్నాడు. నవ్వు ఆపమంటే ఆపుతున్నాడు, అవతలివాళ్ల భయం తెలుసుకుని సిగ్గుపడుతున్నాడు. చెయ్యి వంచి చూసింది. ఎక్కడా ఆగకుండా వంగింది.

“చిన్నమ్మా, ఇను” అంది. “నిద్ర పోకుండ తిరిగితే నాకు ఫోన్ చెయ్యి. అన్నం మరిచి, ఆగకుండ మాట్లాడి, ఆపితే కొట్టొస్తే ఫోన్ చెయ్యి. ఉత్త నవ్వుకు చెయ్యకు. ఇది జబ్బు గాదు. కాకాకు నవ్వొచ్చింది, అంతే.”

కాంతమ్మ రెండేళ్లుగా పట్టి ఉంచిన ఊపిరి ఒక్కసారిగా వదిలినట్టు నిట్టూర్చింది. అయినా భయం ఒక్క మాటతో పోయేది కాదు గదా. “ఆదివారం నువ్వు రా బిడ్డా. సంచిల ఓ సూది గూడ పెట్టుకొని రా.”

“సూది రాదు. నేనొస్త.”

వెళ్లేముందు ఉదయ్‌ను పక్కకు పిలిచింది. “పిల్లోళ్లకు సంగతి చెప్పిండ్రా?”

“లగ్గమైనంక చెప్తం సిస్టర్.”

“నీ ఇష్టం తమ్మీ. నా నోట రాదు. కాని దాసిపెడితే మీ నాయిన బతుకంత ఆ కుండ ముందలనే నవ్వుకోవాలె.”

ఉదయ్ ఆటో స్టార్ట్ చేసి, దారంతా అద్దంలో వెనక్కి చేను వైపే చూశాడు.

ఆదివారం మల్లయ్య ఇంటి ముందు సానుపు చల్లి ముగ్గేశారు. వాకిట్లో మంచాల మీద కొత్త దుప్పట్లు, లోపల పూర్ణం పెట్టి కాలుస్తున్న బచ్చాల వాసన. హుమేరా వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంది. “ఎవరంటే ఏమని చెప్పాలె?” అని కాంతమ్మ కంగారుపడితే, “మన ఇంటి ఆడబిడ్డ అని చెప్పు” అని మల్లయ్య అన్నాడు. తెల్ల ధోవతి, తెల్ల అంగీ, నున్నగా దువ్విన తల. కళ్లు తేటగా ఉన్నాయి. ముఖం మాత్రం, చేలో సాధన చేసిందే, కనుబొమ్మలు ముడేసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

జీపు ఆగింది. ముందుగా పిల్ల నాయనమ్మ సుభద్రమ్మ దిగింది, చిన్నగా, చురుగ్గా, అందరినీ ఒకేసారి చూసేసే కళ్లతో. వెనక ఆమె మొగుడు మాసయ్య, చేతికర్రతో. చివర్లో పిల్ల తండ్రి కురుమూర్తి దిగాడు.

ఎర్ర గళ్ల అంగీ వేసుకుని దిగాడు.

హుమేరాకు చేలో దిష్టిబొమ్మ గుర్తొచ్చింది. గళ్లు కూడా అంతే పెద్దవి. పైగా ఆయన తల నున్నగా, గుండ్రంగా, కడిగి బోర్లించిన కుండలా ఉంది. ఆమె మల్లయ్య వైపు చూడదలచుకోలేదు, అయినా చూసింది. మల్లయ్య గొంతు దగ్గర గుటక పడింది. చెవులు ఎర్రబడ్డాయి. కాని ముఖం కదల్లేదు.

“రాండ్రి బావా, రాండ్రి. ఎండల పడి వచ్చిండ్రు. కూసోండ్రి.”

“మీ ఇంట్ల అంత మంచిదేనా బావా?” అన్నాడు కురుమూర్తి. అది కూడా బొంగురు గొంతే.

“అంత మంచిదే బావా” అని మల్లయ్య ఆగాడు. పక్కటెముకలు కదిలాయి. ఎలాగో గెలిచాడు. “దేవుని దయ.”

తర్వాత ఆయన నోరు విప్పలేదు. విప్పితే ఏమొస్తుందో తెలుసు గనక విప్పలేదు. కురుమూర్తి వాన గురించి మాట్లాడాడు, పత్తి గింజ కంపెనీవాళ్ల గురించి మాట్లాడాడు, కూతురు చిన్నప్పుడు బర్రె మీదెక్కి చెరువుకు పోయిన కథ చెప్పి తనే నవ్వాడు. మల్లయ్య దవడ బిగించి వసారా దూలం వైపు చూశాడు. అది చూసి ఉదయ్ దూలం వైపు చూశాడు, కాంతమ్మ దూలం వైపు చూసింది. చుట్టాలు కూడా తలెత్తి అక్కడేముందా అని వెతికారు. చాయ్ కప్పుల్లో చల్లారింది. వాకిలి చావింటి వాకిలిలా అయింది.

సుభద్రమ్మ కొడుకు చెవిలో ఏదో అంది. కురుమూర్తి ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. కప్పు కింద పెట్టాడు.

“బావా, ఒక్క మాట” అన్నాడు. “మా పిల్ల నచ్చలేదా, మేము నచ్చలేదా చెప్పు. వచ్చిన కాన్నుంచి చూస్తున్న. ఇంటి పెద్ద మొఖం మీద సన్నపు నవ్వు గూడ లేకపాయె. నవ్వు లేని ఇంట్ల నా బిడ్డనెట్ల ఇయ్యాలె?”

“అంత మంచిదే బావా” అన్నాడు మల్లయ్య. ఇంకేం మాటలు నేర్చుకున్నాడు గనక! “దేవుని దయ.”

కురుమూర్తి తువ్వాలు భుజానేసుకుని లేచాడు. మాసయ్య చేతికర్ర కోసం తడుముకున్నాడు. ఉదయ్ కిరణ్ లేచిన ఆ మనిషి వెనకే తన పెళ్లీ లేచిపోతున్నట్టు చూస్తున్నాడు.

బచ్చాల పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన కాంతమ్మ అంతా చూసింది. పళ్లెం హుమేరా చేతిలో పడేసి వాకిట్లోకి ఉరికింది.

“నవ్వవయ్యా!” అంది మొగుడి భుజం పట్టి ఊపుతూ. “నీకు దండం వెడ్త, జర నవ్వు!”

నవ్వుకో గోలి వేసిన మనిషి నవ్వమని బతిమాలుతోంది. మల్లయ్యకు నమ్మకం చాలలేదు. పెళ్లాం మీదుగా హుమేరా వైపు చూశాడు.

“నవ్వు కాకా” అంది హుమేరా.

మల్లయ్య కురుమూర్తి అంగీ వైపు చూశాడు. తల వైపు చూశాడు. అప్పుడు వచ్చింది నవ్వు. పొద్దున్నుంచి కట్టేసిన దూడ తాడు తెంపుకున్నట్టు వచ్చింది. వంగి, మోకాళ్లు పట్టుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ అంగీ చూసి మళ్లీ మొదటికెళ్లి నవ్వాడు. కురుమూర్తి వెళ్లబోతున్నవాడు అలాగే నిలబడ్డాడు.

“తప్పు గాదు బావా, కూసో” అన్నాడు మల్లయ్య, ఊపిరి తీసుకుంటూ. “చెప్త. మొత్తం చెప్త.”

ఉదయ్ ఒక అడుగు ముందుకు వేశాడు, ఆపుదామని కాబోలు. తండ్రి ముఖం చూసి ఆగాడు. “చెప్పు నాయినా” అన్నాడు.

మల్లయ్య చెప్పాడు. రెండేళ్ల కింద మనసు జబ్బు చేసి లారీలు ఆపింది చెప్పాడు. రోజూ గోలి మింగుతున్నది చెప్పాడు. నవ్వితే ఇంట్లోవాళ్లకు భయమని, నవ్వకుండా ఉండటం నేర్చుకోను దిష్టిబొమ్మను వియ్యంకుణ్ణి చేసుకున్నది, ఆ వియ్యంకుడి అంగీ సంగతి, కాకి సంగతి చెప్పాడు. “దాసిపెడదామనుకున్నం. ఇగ నీ ఇష్టం బావా. కాని పోరడు మంచోడు. నా జబ్బు చూసి వాణ్ణి కాదనకు.”

 కురుమూర్తి తన అంగీని తనే కిందికి చూసుకున్నాడు. 

సుభద్రమ్మ వేలు హుమేరా వైపు చూపించింది. “ఈ బిడ్డ ఎవరు?”

“నన్ను చూసే సిస్టరమ్మ” అన్నాడు మల్లయ్య.

“డాక్టర్నివా?”

“కాదు పెద్దమ్మా, నర్సును. ఈ జబ్బుల నర్సును. డాక్టర్ సారు, నేను కలిసి చూస్తం.”

“మల్ల వస్తదా జబ్బు?”

హుమేరా అబద్ధం చెప్పలేదు. “రావొచ్చు. గోలి మింగితే వచ్చుడు కష్టం. వచ్చినా ముందే తెలుస్తది, తొందరగ కుదురుతది. ఇంట్ల అందరికీ ఎరుకుంటే ఇంకా తొందరగ కుదురుతది.”

“ఎట్ల తెలుస్తది? నవ్వితేనా?”

“నవ్వితే గాదు పెద్దమ్మా. నిద్ర పోకపోతే.”

సుభద్రమ్మ ఆలోచించింది. పక్కనున్న మొగుణ్ణి ఎగాదిగా చూసింది. మాసయ్య ఇంత గొడవలోనూ ఎండిన తుమ్మకట్టెలా కూర్చుని ఉన్నాడు.

“నవ్వెక్కువైనోనికి గోలి ఉన్నది, బాగుంది” అంది. “ఇగో, ఈయనకు లగ్గమైన కాన్నుంచి నవ్వే లేదు. నవ్వొచ్చే గోలి ఏమన్న ఉన్నదా బిడ్డా నీ సంచిల?”

ముందు కురుమూర్తి పగలబడి నవ్వాడు. తర్వాత ఉదయ్. వాకిలి వాకిలంతా ఘొల్లుమంది. అంతమందీ తననే చూస్తుంటే మాసయ్య చేతికర్ర మీద గడ్డం ఆనించి, మీసం కింద ఎక్కడో కొద్దిగా నవ్వాడు. “వచ్చె, వచ్చె! గోలి లేకనే వచ్చె!” అని సుభద్రమ్మ చప్పట్లు కొట్టింది.

“నడువు బావా” అన్నాడు కురుమూర్తి, మల్లయ్య భుజం మీద చెయ్యేసి. “మొదలు ఆ నా అసొంటోణ్ణి చూపియ్యి. తర్వాత సంబంధం ఖాయం జేసుకొని చక్కెర నోట్ల పోసుకుందం.”

అందరూ చేనుకు నడిచారు. కురుమూర్తి దిష్టిబొమ్మ పక్కన చేతులు చాపి నిలబడ్డాడు, ఉదయ్ ఫోన్లో ఫోటో తీశాడు, మల్లయ్య ఇద్దరు వియ్యంకులకూ దండం పెట్టి, “ఎండల పడి వచ్చిండ్రు” అన్నాడు. అది విని కాంతమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచి, రెండేళ్లదీ కలిపి నవ్వింది. ఆమె నవ్వితే పై పళ్ల మధ్య సందు కనిపిస్తుందని హుమేరాకు ఆరోజే తెలిసింది.

మల్లయ్య కనుబొమ్మలు ముడేసి, గంభీరంగా దగ్గరికొచ్చాడు. “సిస్టరమ్మా, ఈమె సంగతేందో జర చూడు. ఒక్కతే నవ్వుతున్నది.”

“చిన్నమ్మా” అంది హుమేరా అంతే గంభీరంగా, “రాత్రి నిద్ర పట్టిందా?”

“ఏడ పట్టింది బిడ్డా! నవ్వొద్దు నవ్వొద్దని తెల్లారెదాక దేవునికి మొక్కుకుంటనే ఉన్న” అని కాంతమ్మ మళ్లీ అందుకుంది.

సాయంత్రం ఉదయ్ ఆమెను మానవపాడులో బస్సెక్కించాడు. ఒళ్లో బచ్చాల మూట వెచ్చగా ఉంది. బస్సు కదిలింది, పక్కన పత్తి చేలు వెనక్కి జరిగిపోతున్నాయి. హుమేరా డాక్టర్ మధుకు ‘కాకా బాగున్నాడు, చేర్చుకోనక్కర్లేదు, మిగతాది వచ్చాక చెప్తా’ అని రాసి పంపి, కిటికీకి తల ఆనించింది. నున్నటి తల, ఎర్ర గళ్ల అంగీ, రెట్ట వేసిన కాకి. ఆపుకుందామనుకుంది. పెదవి కొరుక్కుంది. అయినా లాభం లేక గట్టిగానే నవ్వేసింది.

పక్క సీట్లో ఆమె ఉలిక్కిపడి హుమేరాను పైనుంచి కిందికి చూసింది. ఒళ్లో ఉన్న పిల్లను అటు భుజం మీదికి మార్చుకుని, సీటు చివరికి జరిగి, కండక్టర్ ఎక్కడున్నాడా అని వెతికింది.

“పరేషాన్ గాకు అక్కా” అంది హుమేరా, కళ్లు తుడుచుకుంటూ. “రాత్రి మంచిగనే నిద్రపోయిన.”